పిల్లికూతలు వస్తే తల్లినే ఎందుకు అంటారు?

ఈ పోస్టు జర పెద్దగనే ఉంటది. బ్రేకులో సగం, రూముకు పోయినంక సగం చదువుకోండి. కానీ మొత్తం చదివినంకనే కామెంటు పెట్టండి.

చలికాలం మొదలైతే చాలు, మన గ్రూపుల్లో ఇవే మెసేజులు. "బాబుకు రెండు రోజుల నుంచి పిల్లికూతలు, నెబులైజర్ ఎవరి దగ్గరన్న ఉందా?" "పాపకు డొక్కలు ఎగురుతున్నయి, అర్జెంట్ కేర్‌కు పోవాలా, ఎమర్జెన్సీకి పోవాలా?" దాని వెనకనే ఇంటి నుంచి వీడియో కాల్ వస్తది. అటు పక్క నుంచి మొదటి మాట ఏందంటే, "నువ్వు పాలు సరిగ్గ ఇయ్యలేదు, డబ్బా పాలు పోసినవ్, అందుకే ఉబ్బసం పట్టింది." రాత్రంతా పిల్లను భుజం మీద వేసుకుని తిరిగిన తల్లికి పొద్దున్నే దొరికే మాట ఇది.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. "ఇది అమెరికా, ఇక్కడ అందరూ డబ్బా పాలతోనే పెరుగుతరు, ఏం కాదు, ఊకె పరేషాన్ గాకు" అంటారు. ఈ ఇద్దరు చెప్పేదీ సగం సగమే నిజం. సగం నిజంతో సంసారాలు ఎట్లా పాడవుతాయో మేం కళ్లారా చూస్తున్నాం కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాం.

మేం డాక్టర్లం కాదు. సైట్ల మీద, స్టోర్లలో, గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్లలో పని చేసుకునే వాళ్లం. మాలో చాలామంది పదో తరగతితోనే చదువు ఆపినోళ్లం. కానీ గోడకు పగులు వస్తే మేస్త్రీని తిట్టి ఊరుకోం. పునాది చూస్తాం, కింద మట్టి చూస్తాం, నీళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో చూస్తాం. పిల్లల ఛాతీలో కూత వినిపించినప్పుడు కూడా అట్లనే చూడాలన్నది మా మాట.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పిల్లికూతలు వేరు, ఉబ్బసం వేరు. పసిపిల్లల ఊపిరి గొట్టాలు చాలా సన్నగా ఉంటాయి. జలుబు వైరస్ దిగి లోపల కొంచెం వాచినా, కొంచెం తెమడ చేరినా ఊపిరి వదిలేటప్పుడు ఈల లాగా చప్పుడు వస్తది. కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు దీన్నే పాల ఉబ్బసం అంటారు.

అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఊరు ఉంది. అక్కడి డాక్టర్లు 1980లో ఒక పని మొదలుపెట్టారు. అప్పుడే పుట్టిన పిల్లల పేర్లు రాసుకుంటూ పోయి, మొత్తం 1,246 మందిని ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చారు. 1995లో ఒక లెక్క బయటపెట్టారు. ఆరేళ్లు వచ్చేసరికి దాదాపు సగం మందికి ఒక్కసారి కూడా పిల్లికూతలు రాలేదు. నూటికి 20 మందికి మూడేళ్ల లోపల వచ్చి, ఆరేళ్లకల్లా పోయాయి. నూటికి 15 మందికి మూడేళ్లు దాటినంక మొదలయ్యాయి. నూటికి 14 మందికి మాత్రం చిన్నప్పుడు వచ్చినవి ఆరేళ్లకు కూడా పోలేదు. అంటే పసితనంలో కూత వచ్చిన పిల్లల్లో ఎక్కువ మందికి అది తగ్గిపోయింది. కాబట్టి ఏడాది పిల్లకు ఒకసారి కూత రాగానే "ఉబ్బసం పట్టింది" అని ముద్ర వేయడమే మొదటి తప్పు.

ఇప్పుడు పాల సంగతి. తల్లి పాలల్లో రోగాలతో కొట్లాడే పదార్థాలు ఉంటాయి. మొదట వచ్చే పసుపు రంగు ముర్రుపాలల్లో మరీ ఎక్కువ. తల్లి ఒళ్లు ఇదివరకు ఏ రోగాలతో కొట్లాడిందో వాటి మందు పాల ద్వారా పిల్లకు పోతది. పిల్ల కడుపులో మంచి బ్యాక్టీరియా పెరగడానికి కూడా ఈ పాలే సాయం. జలుబు ఛాతీలోకి దిగడం తగ్గితే, కూతలు కూడా తగ్గుతాయి. అదే టూసాన్ డాక్టర్లు 1989లో ఇంకో లెక్క రాశారు. తల్లి పాలు తాగిన పిల్లలకు మొదటి నాలుగు నెలల్లో కూతలతో వచ్చే జబ్బులు తక్కువగా వచ్చాయి.

2022లో ఇంకో లెక్క వచ్చింది. మెంఫిస్, సియాటిల్ లాంటి ఊళ్లలోని 2,021 మంది తల్లులను, వాళ్ల పిల్లలను చూశారు. నాలుగు నుంచి ఆరేళ్ల వయసులో ఉబ్బసం ఎవరికి ఉందని లెక్క తీశారు. రెండు నెలలు కూడా నిండకుండా ఒట్టి తల్లి పాలు ఆగిపోయిన పిల్లలతో పోలిస్తే, రెండు నుంచి నాలుగు నెలలు ఒట్టి తల్లి పాలే తాగిన వాళ్లలో ఆ అవకాశం మూడో వంతు దాకా తక్కువగా కనిపించింది. ఆరు నెలలు దాటిన వాళ్లలో దాదాపు సగమే. తల్లి పాలతో పాటు డబ్బా పాలు, జ్యూసులు కలిపి పోసిన చోట అంత తేడా కనిపించలేదు.

ఇక్కడిదాకా చదివి "చూసినవా, మేం చెప్పిందే నిజం" అని ఫోన్ అందుకోకండి. ఇంకో పక్క కూడా ఉంది. బెలారస్ అనే దేశంలో 31 ప్రసూతి దవాఖానల్లో 17,046 మంది పసిపిల్లల మీద పెద్ద పరీక్ష జరిగింది. సగం దవాఖానల్లో తల్లులకు పాలు ఇవ్వడంలో ప్రత్యేకంగా సాయం చేశారు, మిగతా చోట్ల మామూలుగా వదిలేశారు. సాయం దొరికిన తల్లులు ఎక్కువ నెలలు పాలిచ్చారు. ఆ పిల్లలకు మొదటి ఏడాది విరేచనాలు తగ్గాయి, చర్మం మీద వచ్చే ఎగ్జిమా తగ్గింది. కానీ ఆరున్నర ఏళ్లు వచ్చినంక చూస్తే ఉబ్బసంలో తేడా లేదు. 2007లో ఆ లెక్క అచ్చయింది. టూసాన్‌లో కూడా 2001లో ఒక మాట చెప్పారు. తల్లికే ఉబ్బసం ఉండి, పిల్లకు కూడా అలర్జీ తత్వం ఉంటే, ఎక్కువ నెలలు ఒట్టి పాలే ఇచ్చినా ఉబ్బసం ఆగలేదు. పైగా కొంచెం ఎక్కువే కనిపించింది. కానీ ఆ తల్లుల పిల్లలకు కూడా మొదటి రెండేళ్లలో కూతలు తక్కువే.

మాకు అర్థమైంది ఇది. తల్లి పాలు పసితనంలో కూతలను తగ్గిస్తాయి, దీంట్లో పెద్ద తగాదా లేదు. పెద్దయినంక ఉబ్బసం రాకుండా గ్యారంటీ ఇస్తాయా అంటే, ఎవరూ గ్యారంటీ రాసివ్వలేరు. వంశం ఉంది, గాలి ఉంది, పొగ ఉంది, దుమ్ము ఉంది. ఇన్ని కారణాలుంటే నేరం మొత్తం తల్లి మీద వేయడం ఏం న్యాయం? ఉబ్బసం రాలేదంటే "మా వంశం గట్టిది" అంటారు. వస్తే "కోడలు పాలు ఇయ్యలేదు" అంటారు. ఇది ఏ లెక్క?

సరే, పాలు మంచివే. మరి ఎందుకు ఆగిపోతున్నాయి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

2019లో ఈ దేశంలో పుట్టిన పిల్లల్లో నూటికి 83 మందికి తల్లి పాలు మొదలుపెట్టారు. ఆరు నెలల దాకా ఒట్టి తల్లి పాలే తాగింది మాత్రం నూటికి 25 మందే. మొదలుపెట్టిన తల్లులకు మధ్యలో ప్రేమ తగ్గిపోయిందా? కాదు. పనికి పోవాల్సి వచ్చింది. ఈ దేశం మొత్తానికి వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం ప్రైవేటు పనుల్లో లేదు. 1993 నాటి చట్టం 12 వారాలు ఇస్తది, అది కూడా జీతం లేకుండా. దానికి కంపెనీలో 50 మంది ఉండాలి, ఏడాది పని చేసి ఉండాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండాలి. మన చెల్లెండ్లు పని చేసే గ్రాసరీ స్టోర్లో, టిఫిన్ సెంటర్లో 50 మంది ఎక్కడుంటారు? కాలిఫోర్నియాలో 2004 నుంచి, న్యూజెర్సీలో 2009 నుంచి, వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 నుంచి పైసలతో సెలవు ఉంది. మేమున్న టెక్సాస్‌లో అది కూడా లేదు.

ఇండియాలో 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉందని గొప్పగా చెప్పుకుంటాం. అది పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు. మన ఊర్లో నాట్లు వేసే తల్లికి, ఒడిలో పిల్లను పెట్టుకుని పొగాకు ఘాటులో బీడీలు చుట్టే తల్లికి ఆ సెలవు ఎంతవరకు అందిందో నిజామాబాద్, జగిత్యాల వాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. అంటే అక్కడైనా ఇక్కడైనా, పాలు ఎన్ని నెలలు ఇవ్వాలో తల్లి ఒక్కతే నిర్ణయించదు. సగం ఆమె పని నిర్ణయిస్తది.

మాకు తెలిసిన ఒక చెల్లె ఉంది. పేరు, ఊరు చెప్పం. కాన్పు అయిన ఐదో వారం కౌంటర్ మీద నిలబడ్డది. పాలు పిండుకోవడానికి జాగ అడిగితే, "బాత్రూమ్ ఉంది కదా" అన్నారట. అన్నది తెల్లోళ్లు కాదు, మనోళ్లే. పది రోజులు బాత్రూమ్‌లో నిలబడి పిండింది, తర్వాత పాలే తగ్గిపోయాయి. పిండకపోతే పాలు తగ్గుతాయి, అది ఒంటి ధర్మం. ఇప్పుడు ఇంట్లో అందరూ ఆమెనే అంటున్నారు.

అక్కచెల్లెండ్లూ, ఇది గుర్తు పెట్టుకోండి. ఈ దేశంలో 2010 నుంచి చట్టం ఉంది. 2022 డిసెంబర్‌లో పంప్ యాక్ట్ అని ఇంకా గట్టిగా చేశారు. బిడ్డ పుట్టిన ఏడాది దాకా, పని మధ్యలో అవసరమైనప్పుడల్లా పాలు పిండుకోవడానికి టైమ్ ఇవ్వాలి. ఎవరూ చూడని, ఎవరూ లోపలికి రాని జాగ చూపించాలి. అది బాత్రూమ్ కాకూడదు, చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. 50 మంది కంటే తక్కువున్న చోట, మోయలేని భారమని ఓనర్ నిరూపిస్తే తప్ప తప్పించుకోలేడు. కొన్ని రకాల పనులకు మినహాయింపులు ఉన్నాయి, స్టోర్, రెస్టారెంట్, సైటు వాటిల్లో లేవు. లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల వేజ్ అండ్ అవర్ ఆఫీసుకు ఫోన్ చేయొచ్చు. జీతం, పనిగంటల హక్కులు వీసా కాగితం చూసి ఇచ్చేవి కావు.

సైటు మీద ఉన్న సూపర్‌వైజర్ అన్నలకు కూడా చెప్తున్నాం. మన దగ్గర పెయింటింగ్, క్లీనింగ్, డ్రైవాల్ పనుల్లో ఆడవాళ్లు ఉంటారు. పోర్టబుల్ టాయిలెట్ చూపిస్తే అది జాగ కాదు. ఆఫీస్ ట్రెయిలర్‌లో ఒక మూల, లోపల గొళ్లెం, కూర్చోవడానికి కుర్చీ, ఒక ప్లగ్గు ఉంటే చాలు. మా సైటులో ప్లైవుడ్ రెండు షీట్లు అడ్డం పెట్టి తలుపు బిగించడానికి సగం పూట పట్టింది. పని ఏం ఆగిపోలేదు.

పిండిన పాలు మామూలు రూము వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఐస్ ప్యాకులు వేసిన కూలర్ డబ్బాలో ఒక రోజు దాకా ఉంటాయి. టెక్సాస్ ఎండలో కారులో పెట్టి పోతే మాత్రం పారబోసుడే. పంపు మిషన్‌కు చాలా ఇన్సూరెన్సులు పైసలు కడతాయి, కాన్పుకు ముందే అడగండి. విక్ ఆఫీసుల్లో పాలివ్వడం నేర్పించే మనుషులు ఉంటారు, వాళ్లనూ అడగండి.

ఇప్పుడు మగవాళ్ల వంతు. ఇది చదివితే కొందరికి కోపం వస్తది, రానివ్వండి.

పిల్లకు పాలు ఇవ్వడం మన చేతిలో లేదు. కానీ ఆ పిల్ల పీల్చే గాలి మన చేతిలో ఉంది. కాంక్రీట్ కోసినప్పుడు వచ్చే సిలికా దుమ్ముకు ఓషా వాళ్లు పెట్టిన హద్దు, ఎనిమిది గంటల సగటున క్యూబిక్ మీటర్ గాలికి 50 మైక్రోగ్రాములు. కంటికి కనపడనంత. స్ప్రే ఫోమ్ కొట్టేటప్పుడు వచ్చే ఐసోసైనేట్ ఆవిరి పెద్ద మనుషులకే ఉబ్బసం తెస్తది. సైటు మీద మాస్కు పెట్టుకుని, అదే చొక్కాతో ఇంటికి వచ్చి పిల్లను ఎత్తుకుంటే ఏం లాభం? బూట్లు బయట వదలాలి. బట్టలు మార్చి, చేతులు మొహం కడిగి, అప్పుడు ఎత్తుకోవాలి. పని బట్టలు పిల్ల బట్టలతో కలిపి ఉతకొద్దు.

సిగరెట్ సంగతి వేరే చెప్పాలా? టూసాన్ లెక్కలోనే ఉంది. చిన్నప్పుడు కూతలు వచ్చి పోయిన పిల్లల తల్లుల్లో పొగ తాగేవాళ్లు ఎక్కువ. మన ఇళ్లల్లో తల్లి తాగదు, తండ్రి బాల్కనీలో తాగి లోపలికి వస్తాడు. పొగ బట్టల్లో, కారు సీట్లలో అట్లనే ఉంటది. "నువ్వు పాలు ఇయ్యలేదు" అనే ముందు మన జేబులో ఏముందో చూసుకోవాలి.

ఇంట్లో ఇంకా ఉన్నాయి. బాలింతకు, పిల్లకు స్నానం కాగానే సాంబ్రాణి పొగ పట్టడం మన ఆచారం. ఊర్లో వాకిలి ఉండేది, గాలి ఆడేది. ఇక్కడ కిటికీలు మూసిన అపార్ట్‌మెంట్‌లో, కార్పెట్ మీద, ఆ పొగ ఎటు పోతది? పిల్ల ఊపిరిలోకే. తల ఆరడానికి మెత్తటి తుండు చాలు. అగర్బత్తీలు తగ్గించండి. పోపు పెట్టేటప్పుడు పొయ్యి మీద ఫ్యాన్ వేయండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, మళ్లీ ఇంట్లోకే వదులుతది. కట్టేది మనమే కాబట్టి మనకు తెలుసు. అందుకే కిటికీ కూడా తీయాలి.

కాన్పుకు ఇండియా నుంచి వచ్చే అమ్మలకు, అత్తమ్మలకు కూడా దండం పెట్టి ఒక మాట. మీరు రాకపోతే మా సంసారాలు నడవవు. కానీ ముర్రుపాలు పిండి పారబోయించొద్దు. నాలుకకు తేనె రాయొద్దు, ఏడాది నిండేదాకా తేనె ప్రమాదం, ప్రాణం మీదికి వచ్చే బొట్యులిజం అనే జబ్బు రావచ్చు. ఆరు నెలల లోపల చక్కెర నీళ్లు, మంచి నీళ్లు కూడా అక్కర్లేదు. ఆపరేషన్ అయిందని పాలు ఆలస్యం చేయొద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు పాలు అందింది నూటికి 42 మందికే. అంటే పాల సమస్య అమెరికాకు వచ్చినంక మొదలైంది కాదు.

డబ్బా పాలు పోసే తల్లులు తలవంచుకోవద్దు. కొందరికి పాలు పడవు, కొందరు మందుల మీద ఉంటారు, కొందరికి కవలలు. డబ్బా పాలతో పెరిగి గుర్రాల్లా ఉరికే పిల్లలు మన మధ్యనే ఉన్నారు. ఒక్కటే జాగ్రత్త, పొడి ఆదా చేయాలని నీళ్లు ఎక్కువ కలపొద్దు. 2022లో మిషిగన్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ ఆగిపోయి దేశమంతా డబ్బాలు దొరకనప్పుడు కూడా డాక్టర్లు మొత్తుకున్నది అదే. సగం పాలు, సగం డబ్బా అయినా ఆ సగం ఊరికే పోదు. పాలు వచ్చినన్ని రోజులు ఇవ్వండి. ఆరు నెలలు ఒట్టి పాలు, తర్వాత ఉగ్గుతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2022లో అదే మాటకు వచ్చింది.

ఆఖరికి ఒకటి. కూతలు వచ్చినప్పుడు తగాదా తర్వాత, ముందు పిల్లను చూడండి. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, పాలు తాగలేకపోతున్నా డాక్టర్ దగ్గరికి వెంటనే పోవాలి. పెదవులు నీలమైనా, పిల్ల సోలిపోతున్నా 911 కొట్టండి. పైసలు లేవని ఎమర్జెన్సీలో చూడకుండా పంపడానికి వీల్లేదని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తది, దాన్ని తర్వాత చూసుకోవచ్చు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇంటి ఆదాయాన్ని బట్టి మెడికేయిడ్, చిప్ దొరుకుతాయి. ఇన్‌హేలర్ ఇస్తే "అలవాటు పడతది" అని ఆపేయొద్దు, అది మత్తుమందు కాదు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం ఇప్పిద్దామని మందులు ఆపిన వాళ్లనూ చూశాం. నమ్మకం మీ ఇష్టం, కానీ డాక్టర్ రాసిన మందు ఆపొద్దు. పసిపిల్ల గొంతులో చేప వేయడమైతే అసలు వద్దు. గర్భంతో ఉన్న చెల్లెండ్లు ఆర్‌ఎస్‌వి టీకా గురించి డాక్టర్‌ను అడగండి. పసిపిల్లలను ఎక్కువగా దవాఖాన పాలు చేసే వైరస్ అదే. 2023 నుంచి తల్లికి టీకా, పిల్లకు ఇంజక్షన్ రెండూ వచ్చాయి, ఏదో ఒకటి చాలు.

మా అభిప్రాయం ఇంతే. తల్లి పాలు మంచివని చెప్పే హక్కు, ఆ తల్లికి టైమ్ ఇచ్చినవాడికే ఉంది. స్టోర్ ఓనర్ జాగ చూపించాలి. సూపర్‌వైజర్ బ్రేక్ ఇవ్వాలి. మొగుడు రాత్రి లేచి గిన్నెలు కడగాలి, సీసాలు మరిగించాలి, సిగరెట్ పడేయాలి. అత్తమ్మ ఒక ముద్ద కలిపి పెట్టాలి. ఇవన్నీ చేసినంక కూడా పిల్లకు కూతలు వస్తే రానీ, మందు ఉంది, వైద్యం ఉంది. ఇవేవీ చేయకుండా వీడియో కాల్‌లో తల్లిని దోషిని చేయడం మాత్రం ఇక ఆపుదాం.

మీ ఇంట్లో, మీ పనిలో ఏం జరుగుతుందో కింద రాయండి. పేర్లు వద్దు. పాలు పిండుకోవడానికి జాగ ఇచ్చిన మంచి ఓనర్లు ఉంటే అది కూడా రాయండి, మిగతా వాళ్లకు చెప్పడానికి పనికొస్తది.